కింద ఒకటి పాయింట్ ఎనిమిది, మేడ మీద మూడు

ఆఫీసులకి కంప్యూటర్లు వచ్చాక గుమాస్తాల బతుకు హాయిగా గడిచిపోతోందని బయటివాళ్ళ అభిప్రాయం. అలాంటివాళ్ళని ఒకసారి మా ఆఫీసుకి రమ్మని పిలవాలని ఉంటుంది. కానీ పిలవను. ఎన్నో నంబరు గదికి వెళ్ళాలో చెప్పడానికి మా గేటు దగ్గర ఇద్దరు మనుషులు కావాలి, ఆ ఇద్దరూ ఒకే రోజు డ్యూటీకి రావడం అరుదు.

మాది ప్రజావసరాల కొలతల ధ్రువీకరణ కమిషనరేట్. ప్రభుత్వం బడికి బల్ల చేయించినా, వాగు మీద వంతెన కట్టించినా, దాని పొడుగెంతో బరువెంతో మేం ధ్రువీకరించి ముద్ర వేశాకే కాంట్రాక్టరు చెయ్యి కదుపుతాడు. నా పేరు దక్షిణామూర్తి. గుమాస్తాగా చేరి, ఇక్కడే తల నెరిసి, అంకెల విభాగానికి సూపరింటెండెంటునయ్యాను. అంకెల విభాగం అంటే ఏమిటో చెప్పాలంటే ముందు మృదుల గురించి చెప్పాలి.

మృదుల మా కాంట్రాక్టు ప్రోగ్రామరు. తెలివైన పిల్ల. ఒక వంతెన పొడుగు రిపోర్టులో చివర చుక్క తర్వాత ఎక్కడో ఓ వెంట్రుకవాసి తేడా కనిపిస్తే, కమిషనర్ భీమేశ్వరరావు గారు ఆ పిల్లని పిలిపించి, అందరి ముందూ సంజాయిషీ అడిగారు. పాపం, ఆ పిల్ల నిజం చెప్పింది.

"సార్, కంప్యూటర్ దశాంశాల్ని ఉన్నదున్నట్టు దాచుకోదండీ. ప్రతి సంఖ్యనీ రెండు ముక్కలు చేసుకుంటుంది. అంకెలన్నీ ఒక ముక్క, దాన్ని మాంటిస్సా అంటారు. చుక్క ఎన్ని స్థానాలు జరగాలో చెప్పేది రెండో ముక్క, అది ఎక్స్‌పొనెంట్. పద్ధెనిమిది వందలు ఉందనుకోండి. ఒకటి పాయింట్ ఎనిమిది ఒక ముక్క, మూడు ఇంకో ముక్క. చుక్కని మూడు స్థానాలు కుడికి జరిపితే మళ్ళీ పద్ధెనిమిది వందలు వచ్చేస్తుంది. లోపల నిజానికి పదులు కాదు, రెండ్లతో చేస్తుందనుకోండి, పద్ధతి మాత్రం ఇదే. అంకెల ముక్కకి చోటు కొంచెమే ఉంటుంది కాబట్టి చివర్లో ఆ చిన్న తేడా వచ్చింది."

కమిషనర్ గారు తేడా సంగతి అప్పుడే మర్చిపోయారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్ళజోడు తీశారంటే మాకందరికీ కొత్త సర్క్యులర్ ఖాయం.

"అంటే కంప్యూటర్‌కే ఒక సంఖ్యని పూర్తిగా ఒక చోట ఉంచే ధైర్యం లేదన్నమాట!" అన్నారు. "మనం మాత్రం సంపూర్ణ సంఖ్యని తీసుకెళ్ళి ఒకే ఒక్క గుమాస్తా చేతిలో పెడుతున్నాం. ఇంత అధికారం ఒక వ్యక్తి దగ్గర కేంద్రీకృతం కావడం ఎంత ప్రమాదకరం! ఈ దృక్కోణంలో ఇంతవరకూ ఎవరూ ఆలోచించలేదా?"

"రెండు ముక్కలూ ఒకే గదిలో పక్కపక్కనే ఉంటాయి సార్," అంది మృదుల కంగారుగా. "విడదీయడానికి ఒక ఫంక్షనుంటే, కలపడానికి ఇంకో ఫంక్షనుంటుంది. రెండూ ఒక్కో లైనే."

"కంప్యూటర్‌కి చోటు లేక పక్కపక్కన పెట్టుకుంది. మనకి రెండు అంతస్తులున్నాయి," అన్నారు కమిషనర్ గారు.

సర్క్యులర్ ఆ సాయంత్రానికే వచ్చింది. 'సంపూర్ణ సంఖ్య ఏకవ్యక్తి అధీనములో ఉండుట పరిపాలనా పారదర్శకతకు గొడ్డలిపెట్టు అయినందున, ఇకపై కమిషనరేటుకు అందు ప్రతి సంఖ్యను స్వీకరణ స్థాయిలోనే విభజించి, అంకెలను కింది అంతస్తులోని అంకెల విభాగమునకు, చుక్క ఎన్ని స్థానములు జరగవలెనో తెలుపు ఘాతమును పై అంతస్తులోని ఘాతాల విభాగమునకు పంపవలెను. ఒక విభాగపు సిబ్బంది మరొక విభాగపు సమాచారమును తెలుసుకొనుట క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణించబడును.' విడదీయడం గురించి మూడు పేజీలుంది. కలపడం గురించి ఒక్క ముక్క లేదు.

నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమేసింది. నన్ను సూపరింటెండెంటుని చేశారు, తిరిగే కుర్చీ ఇచ్చారు. మేడ మీద ఘాతాల విభాగానికి త్రినాథరావుని వేశారు. మేమిద్దరం ఒకే రోజు ఉద్యోగంలో చేరినవాళ్ళం, ఒకే డబ్బాలోంచి పులిహోర తిన్నవాళ్ళం. అయినా మూడో రోజుకల్లా అతను మెట్ల మీద ఎదురుపడితే మొహం తిప్పుకోవడం మొదలుపెట్టాడు. "గురువుగారూ, మీరు చూసేది వట్టి అంకెలు. ఏది లక్ష, ఏది వంద అన్నది మేమే కదా తేల్చేది," అన్నాడు ఒకసారి. నాకు ఒళ్ళు మండింది. మేం అంకెలివ్వకపోతే అతని ఘాతాన్ని ఎక్కడ పెట్టుకుంటాడట?

మొదటి ఇబ్బంది టీ దగ్గర వచ్చింది. మా విభాగంలో ఇరవై మందిమి. క్యాంటీన్ ఆయన వచ్చి "ఎన్ని టీలండీ?" అనడిగితే నిబంధన ప్రకారం "రెండు" అన్నాను. మిగతాది కనుక్కోవడానికి మేడ మీదికి వెళితే వాళ్ళు "ఒకటి" అన్నారు. ఆయన ఆలోచించి ఆలోచించి, మా ఇరవై మందికి రెండు టీలూ, మేడ మీద వాళ్ళకి ఒక టీ ఇచ్చి వెళ్ళిపోయాడు. మా ఘాతం వాళ్ళు తాగేశారని మా సిబ్బంది ఇప్పటికీ గొణుగుతూనే ఉంటారు.

ఇలాంటి చిల్లర విషయాలు ఏ సంస్కరణలోనైనా ఉండేవే అని సర్దుకున్నాం. కానీ ధ్రువీకరించిన కొలత చివరికి కాంట్రాక్టరుకి చేరాలి కదా? లోపల ఎవరూ రెండు ముక్కలూ చూడకూడదు. దానికి కమిషనర్ గారే దారి కనిపెట్టారు. కలిపే పనిని అవుట్‌సోర్సింగ్‌కి ఇచ్చేశారు. అంటే మా విభాగం ఒక కవరు, త్రినాథరావు విభాగం ఒక కవరు పంపుతాయి, కాంట్రాక్టరే ఇంటి దగ్గర కూర్చుని రెండూ కలుపుకుంటాడు. ప్రభుత్వంలో ఎవరికీ తెలియని సంఖ్య కాంట్రాక్టరు ఒక్కడికే తెలుస్తుంది. దీన్ని కమిషనర్ గారు 'రహస్య పారదర్శకత' అని పిలిచారు.

కూడికల దగ్గర మాత్రం కొంత తడబడ్డాం. ఒక అంగన్‌వాడీకి ముందు రెండు కిలోలు, తర్వాత మూడు వందల గ్రాములు కందిపప్పు మంజూరైంది. గ్రాముల్లో చూస్తే మా దగ్గరికి రెండూ మూడూ వచ్చాయి. కలిపాం, అయిదు. మేడ మీదికి మూడూ రెండూ వెళ్ళాయి. వాళ్ళూ కలిపారు, అయిదు. రెండు అంతస్తుల్లోనూ ఒకే జవాబు రావడంతో లెక్క సరిపోయిందని అందరం సంబరంగా సంతకాలు పెట్టాం. కూడే ముందు ఘాతాలు సమానం చేసుకోవాలని మృదుల మెట్ల మీద నిలబడి మొత్తుకుంది కానీ, మెట్లు ఏ విభాగం కిందకీ రావు కనుక ఆ అభిప్రాయాన్ని నమోదు చేసే వీలు లేకపోయింది. అయిదు వందల కిలోల పప్పు వెళ్ళింది. ఆ అంగన్‌వాడీ పిల్లలు ఇప్పటికీ పప్పు పేరెత్తితే ఏడుస్తారట.

సరిగ్గా ఈ రోజుల్లోనే బంగారమ్మ వచ్చింది.

మా ఆఫీసు వెనకే కాకులకొండ. కొండ మీద ఒక కాలనీ. పోర్టులో, తాపీ పనుల్లో, ఇళ్ళల్లో పనిచేసే వాళ్ళుంటారు. కుళాయి లేదు. మా ఆఫీసు వెనకున్న పంపు హౌసు దగ్గరికి దిగి, బిందెలతో నీళ్ళు మోసుకుంటూ కొండెక్కాలి. పంపు హౌసు నుంచి గొట్టం వేసి, కొండ నడుము చుట్టూ ఒక చుట్టు తిప్పితే అందరి గుమ్మాల ముందుకీ నీళ్ళొస్తాయి. గొట్టం మొత్తం పొడుగు పద్ధెనిమిది వందల మీటర్లు. ఇంజనీర్లు కొలిచి పంపిన కాగితం మా ముద్ర కోసమే ఆగి ఉంది. అర్జీ పెట్టింది బంగారమ్మ. ప్రతి సోమవారం అర్జీల రోజున వచ్చి నా బల్ల ముందు నిలబడుతుంది.

"బావూ, మా గొట్టం ఏటయింది?" అంది ఆ సోమవారం. పక్కన ఆమె కోడలు ఈశ్వరి గోడకి ఆనుకుని నిలబడింది. నిండు కడుపు, కాళ్ళు వాచిపోయి ఉన్నాయి. "ఇది ఎనిమిదో నెలనో బిందె మోస్తంది. నానొద్దంటే ఇనదు. నా మోకాళ్ళు పన్చెయ్యవు. ఇది కాన్పు దాకా నీళ్ళు మోసుకుని మెట్లెక్కీదేనా, మీరు సెప్పండి."

నాకూ ఒక కూతురుంది. ఆ అమ్మాయి కాళ్ళు చూశాక నా తిరిగే కుర్చీ నాకు బాగుండలేదు. కానీ నిబంధన నిబంధనే.

"నీ గొట్టం ఒకటి పాయింట్ ఎనిమిది, బంగారమ్మా," అన్నాను.

"ఏటి? ఒకటి పాయింటెనిమిది ఏటి? మూరలా, మైళ్ళా?"

"అది మేడ మీద చెబుతారు."

మోకాళ్ళు పట్టుకుంటూ మేడెక్కింది. అక్కడ త్రినాథరావు "మూడు" అని చెప్పాడట. "ఏటి మూడు నాయనా?" అంటే, "అంతే. మూడు," అన్నాడట. ఆమె సగం మెట్లు దిగి, అక్కడే నిలబడి, ఆఫీసంతా వినిపించేలా అరిచింది.

"కింద ఒకటి పాయింటెనిమిది, మేడ మీద మూడు! రెండూ నాకు సెప్పీసినారు కదా, ఇంకేటి? కాయితం నాకియ్యండి, నానే కలిపీసి మీ కమీసనరుకి ఇచ్చీస్తాను!"

టైపు చేస్తున్న చేతులు ఆగిపోయాయి. ఒక సంపూర్ణ సంఖ్య ఒకే మనిషి దగ్గర, అదీ ప్రజల మనిషి దగ్గర, మా మెట్ల మీద నిలబడి ఉంది. కమిషనర్ గారు గదిలోంచి బయటికొచ్చి, సెక్యూరిటీని పిలిచి, "ఆవిడ దగ్గర పూర్తి సమాచారం ఉంది, జాగ్రత్తగా బయటికి పంపండి," అన్నారు. మర్నాడు సవరణ సర్క్యులర్ వచ్చింది. అర్జీదారుడు కోరుకున్న ఏదో ఒక అంతస్తు సమాచారం మాత్రమే చెప్పాలి. ఏ అంతస్తు కావాలో ముందే రాసివ్వాలి.

ఆ తర్వాతి వారం బంగారమ్మ కమిషనర్ గారి గుమ్మంలోనే కూర్చుంది. పోదు. ఆయనకి కొంచెం మెత్తబడక తప్పలేదు. పైగా ఆయనకి ఇంకో ఆశ పుట్టింది. సాలుసరి నివేదిక పంపే సమయం. మా దగ్గర పెండింగులో ఉన్నది బంగారమ్మ అర్జీ ఒక్కటే. అది పరిష్కరించేస్తే, పెండింగు అర్జీలు సున్నా అని సెక్రటేరియట్‌కి రాయొచ్చు.

"సున్నా!" అన్నారు ఆయన సమావేశంలో, తన్మయంగా. "ఈ రాష్ట్రంలో ఏ కమిషనరేట్ అయినా సున్నా సాధించిందా? దక్షిణామూర్తీ, నివేదిక తయారు చెయ్యవయ్యా."

నేను లేచి నిలబడ్డాను. "సార్, సర్క్యులర్ ప్రకారం మా విభాగానికి వచ్చే మొదటి అంకె ఒకటి నుంచి తొమ్మిది లోపు ఉండాలండీ. సున్నాతో మొదలయ్యేది మేం తీసుకోకూడదు. చుక్కని ఎటు ఎన్ని స్థానాలు జరిపినా సున్నా సున్నాగానే ఉంటోంది."

"మా దగ్గరికీ రాకూడదు సార్," అన్నాడు త్రినాథరావు. "చుక్క ఎంత జరిపినా ఒకటే అయినప్పుడు ఎంత జరపాలని రాస్తాం?"

కమిషనర్ గారు మృదుల వైపు చూశారు. "కంప్యూటర్ సున్నాని ఏం చేస్తుందమ్మా?"

"సున్నాకి విడిగా ఒక గుర్తు పెట్టుకుంటుంది సార్. అదొక్కటీ మినహాయింపు."

"మినహాయింపు!" అన్నారు ఆయన, ఎవరో బూతు మాట అన్నట్టు ఉలిక్కిపడి. "ఇవాళ సున్నాకి మినహాయింపు ఇస్తే రేపు మిగతా సంఖ్యలన్నీ వరసలో నిలబడతాయి. ఈ కార్యాలయంలో అందరూ సమానమే. సున్నా ఈ క్షణం నుంచి రద్దు. ఎక్కడా రాయరాదు."

సున్నా రద్దయ్యాక పెండింగు అర్జీలు కనీసం ఒకటైనా ఉండి తీరాలి. ఉన్నది బంగారమ్మది. అందుచేత దాన్ని శాశ్వతంగా పెండింగులో ఉంచాలని సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. సంస్థ ప్రయోజనం దృష్ట్యా అర్జీదారు సహకరించాలని ఆమెకి విజ్ఞప్తి కూడా పంపారు.

ఆ కాగితం ఆమెకిచ్చింది నేనే. చదివి వినిపించమంది. చదివాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు.

"అంటే మీకు ఒక అర్జీ కావాలి, అందుకని నా గొట్టం ఆపీసినారా?" అంది. ఈశ్వరి ఆ రోజు రాలేదు. నీళ్ళు మోస్తూ కొండ మెట్ల మీద కళ్ళు తిరిగి కూర్చుండిపోయిందట. బిందె దొర్లుకుంటూ కింద దాకా పోయిందట.

నాకు సిగ్గేసింది. ఉద్యోగంలో చేరిన తర్వాత అంత సిగ్గుపడ్డ రోజు ఇంకోటి లేదు. లేచి, తెల్లకాగితం తీసుకుని, త్రినాథరావు మీద ఒక అర్జీ రాశాను. మేడ మీద అతను కుర్చీ జరిపినప్పుడల్లా కింద నా నెత్తిన సున్నం రాలుతోందని. అది పరిష్కారం కావాలంటే కొలతలు తీయాలి, కొలతలు తీయాలంటే నేనూ త్రినాథరావూ ఇద్దరం సంతకం పెట్టాలి. అది మా జన్మలో జరగదు. కమిషనరేట్‌కి ఎప్పటికీ తరగని అర్జీ ఒకటి దొరికింది. బంగారమ్మది విడుదలైంది.

ఇక్కడితో కథ సుఖాంతం కావలసింది. కానీ అదే వారం కమిషనర్ గారి గదికి కొత్తగా స్నానాల గది కట్టారు. ఆయన పొద్దున్నే కొండ చుట్టూ నడిచి, తిన్నగా ఆఫీసుకొచ్చి, అక్కడే స్నానం చేస్తానన్నారు. గోడ అవతలున్న పంపు హౌసు తొట్టి నుంచి లోపలి షవరు దాకా గొట్టం కావాలి. పొడుగు ఒకటి పాయింట్ ఎనిమిది మీటర్లు.

మా విభాగంలో అప్పటికే ఒక పద్ధతి ఏర్పడింది. ఒకే అంకెలున్న ఫైళ్ళని ఒకే కట్టగా కట్టేస్తాం. మా దృష్టిలో ఒకటి పాయింట్ ఎనిమిది ఎవరిదైనా ఒకటే కదా, రెండుసార్లు రాయడం దండగ. అలా ఆ రెండు గొట్టాలూ ఒక కట్టలో పడ్డాయి. హోదా ప్రకారం కమిషనర్ గారి స్నానాల గది పైన, కాకులకొండ కింద. కవరు వెళ్ళింది.

మేడ మీద త్రినాథరావు ఘాతాలు తీశాడు. కొండ గొట్టానికి మూడు. స్నానాల గదికి సున్నా, ఎందుకంటే చుక్క అసలు జరగక్కర్లేదు. కానీ సున్నా రద్దయింది. రాయడానికి లేదు. అందుకని అతను, అర్జీ వచ్చిన వరసలో ముందున్న కొండకి మూడు రాసి, దాని కింద ఖాళీ వదిలి, కవరు అంటించాడు. అతనికి తెలిసింది అంతే, అతని తప్పేమీ లేదు. ఈ మాట నేనంటున్నానంటే నమ్మండి.

కాంట్రాక్టరు ఇంటి దగ్గర రెండు కవర్లూ విప్పాడు. మొదటి పనికి మొదటి సంఖ్య, రెండో పనికి రెండోది, అది ఖాళీ కనుక చుక్క జరపలేదు. అలా కమిషనర్ గారి స్నానాల గదికి పద్ధెనిమిది వందల మీటర్ల గొట్టం, కాకులకొండ కాలనీకి ఒకటి పాయింట్ ఎనిమిది మీటర్ల గొట్టం తయారయ్యాయి.

కాలనీ గొట్టాన్ని ప్రారంభించడానికి కమిషనర్ గారు స్వయంగా కొండెక్కారు. షామియానా వేశారు, మైకు పెట్టారు. గొట్టం మీద పట్టుగుడ్డ కప్పారు. తీసి చూస్తే, బంగారమ్మ పక్కన నిలబెడితే ఆమె కన్నా ఓ జానెడు పొడుగు.

"ఈ బృహత్తర జలధార పథకం..." అని మొదలుపెట్టిన ఆయన, గొట్టం ఆ చివర ఈ చివర ఒకే చూపులో కనిపించేసరికి కొంచెం తడబడి, "...తొలి అడుగు వేసింది," అని ముగించారు.

బంగారమ్మ ఆ గొట్టాన్ని చేత్తో తట్టి చూసింది. "ఇది దేనికి బావూ? బట్టలారేసుకోడానికా?" అంది. ఈశ్వరి నవ్వింది, నవ్వుతూ నడుం పట్టుకుంది. కాలనీ ఆడవాళ్ళందరూ ఆ అమ్మాయి చుట్టూ మూగారు. నెలలు నిండిపోయాయి. నేను తల వంచుకుని కొండ దిగాను.

కిందికొచ్చేసరికి మా ఆఫీసు గేటు ముందు లారీలు నిలబడి ఉన్నాయి. గొట్టాలు, గొట్టాలు, గొట్టాలు. కాంట్రాక్టరు కాగితం చూపించి, "కమిషనర్ గారి షవరుదండీ, ఎక్కడ దించమంటారు?" అన్నాడు.

అత్యవసర సమావేశం పెట్టారు. పొరపాటు జరిగిందని ఒప్పుకోవాలంటే ఎవరో ఒకరు రెండు ముక్కలూ కలిపి చూడాలి. చూసే అధికారం ఎవరికీ లేదు. వెనక్కి పంపుదామంటే, మంజూరైన పొడుగు మంజూరైన పనికి పూర్తిగా వాడి తీరాలని ఆడిట్ నిబంధన. కమిషనర్ గారు నుదురు పట్టుకున్నారు.

"ఈ పరిణామాన్ని మనం సమగ్ర దృక్పథంతో..." అని ఆగిపోయారు. 

వెనక వరసలోంచి మృదుల లేచింది. చేతిలో ఓ పటం. "సార్, గొట్టం పంపు హౌసు దగ్గర మొదలవ్వాలి, మీ షవరు దగ్గర ముగియాలి. అంతే కదా? మధ్యలో ఎటు తిరగాలో సర్క్యులర్‌లో లేదు."

పటంలో గీత పంపు హౌసు దగ్గర మొదలై, కాకులకొండ ఎక్కి, దాని నడుము చుట్టూ ఒక చుట్టు తిరిగి, తిన్నగా కమిషనర్ గారి స్నానాల గది గోడలోకి వచ్చింది. పొడుగు చూసుకోమంది. ఎవరూ చూడలేరు కనుక అందరం ఒప్పుకున్నాం.

"కానీ అంత దూరం వచ్చేసరికి దారిలో నీళ్ళు కొంత పోవచ్చు సార్," అన్నాను నేను. "అక్కడక్కడ లీకేజీలు రావచ్చు. ముఖ్యంగా ఇళ్ళ గుమ్మాల ముందు."

కమిషనర్ గారు పటంలో కొండ మీది ఇళ్ళ వరసని వేలితో తడిమారు. ఆయన అంత తెలివితక్కువ మనిషేమీ కాదు. "లీకేజీలు సహజం," అన్నారు చివరికి, కళ్ళజోడు పెట్టుకుంటూ. "వాటిని క్రమబద్ధీకరించండి. వృథా కాకుండా ప్రతి లీకేజీకీ ఒక ట్యాపు బిగించండి."

గొట్టం పడింది. నీళ్ళొచ్చిన రోజు నేను సెలవు పెట్టి కొండెక్కాను. బంగారమ్మ గుమ్మం ముందున్న మొదటి అధికారిక లీకేజీ తిప్పింది. ముందు గాలి, తర్వాత ఎర్రనీళ్ళు, తర్వాత తేటనీళ్ళు. ఈశ్వరి అరుగు మీద కూర్చుని, వాచిన కాళ్ళు ఆ నీళ్ళ కింద పెట్టి కళ్ళు మూసుకుంది. నాకు కళ్ళనీళ్ళాగలేదు. పక్కన ఎవరో ముక్కు ఎగబీలుస్తున్నారని చూస్తే త్రినాథరావు. అతనూ సెలవు పెట్టే వచ్చాడు. జేబులోంచి రుమాలు తీసి అతనికిచ్చాను. నా అర్జీ మాత్రం వెనక్కి తీసుకోలేదు, తీసుకుంటే సున్నా అవుతుంది.

ఆ వారంలోనే ఈశ్వరికి ఆడపిల్ల పుట్టింది.

రికార్డుల్లో అది ఇప్పటికీ కమిషనర్ గారి స్నానాల గది గొట్టమే. ఇబ్బంది ఒక్కటే. కొండ మీద లీకేజీలన్నీ కట్టేస్తే తప్ప ఆయన షవరులోకి చుక్క రాదు. అందులోనూ బంగారమ్మది మొదటి ట్యాపు, పెద్దది. ఆమె కట్టేస్తేనే తర్వాతివాళ్ళకైనా, కమిషనర్ గారికైనా.

మొన్న పొద్దున్న నేను ఆఫీసుకొచ్చేసరికి స్నానాల గదిలోంచి కేకలు. ఆయన తలంతా సబ్బు రాసుకున్నాక నీళ్ళాగిపోయాయి.

"దక్షిణామూర్తీ! కొండ పైకి ఫోన్ చెయ్యవయ్యా! కళ్ళు మండిపోతున్నాయి!"

చేశాను. బంగారమ్మే ఎత్తింది. వెనక పసిపిల్ల కేరింతలు, నీళ్ళ చప్పుడు.

"ఉండండి బావూ, సంటిగుంటకి తానం అవతంది. పది నిమిసాల్లో కట్టీస్తాను, మీ కమీసనరుకి సెప్పండి."

తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"ఎంతసేపట?" అని లోపలి నుంచి అడిగారు.

నిబంధన గుర్తుచేసుకున్నాను. నా విభాగానికి చెందినంత వరకూ చెప్పాను.

"ఒకటి, సార్."

"ఒకటేమిటయ్యా? ఒక నిమిషమా, పది నిమిషాలా, వందా?"

"ఆ సంగతి మేడ మీద త్రినాథరావు చెప్పాలండీ," అన్నాను. "ఇవాళ సెలవు పెట్టాడు."